సమ్మయ్య కూర్చున్న చోటు

పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు, అంటే ఎనభై ఏడులో, భద్రాచలం రేవులో పోలీసులకు ఒక గస్తీ బోటు ఉండేది. ఇనుప బోటు, డీజిల్ ఇంజను. పొద్దున్నే బయలుదేరి కూనవరం దాకా వెళ్ళి, అక్కడ శబరిలోకి తిరిగి కొంత దూరం పోయి, పొద్దుగూకే లోపల రేవుకు చేరడం దాని పని. దాటుతున్న నాటుపడవలను ఆపి చూసేది. రోడ్డు లేని ఊళ్ళకు మందులు కూడా మోసేది.

బోటుకు ఇన్‌చార్జి హెడ్ కానిస్టేబుల్ బసవపున్నయ్య. మధిర దగ్గరి రైతు కుటుంబం వాళ్ళది. పోలీసు ఉద్యోగానికి ముందు నేవీలో చేశాడు. విశాఖ తీరంలో చిన్న గస్తీ బోట్ల మీద తిరిగిన మనిషి. పెద్ద ఓడలో ఒకడు పొరపాటు చేస్తే ఇంకొకడు సర్దేలోపు కొంత వ్యవధి ఉంటుందనీ, చిన్న బోటులో అది ఉండదనీ అతను అక్కడే నేర్చుకున్నాడు. అందుకే ఇక్కడికి వచ్చిన మొదటి వారమే తన మనుషులకు చోట్లు పంచాడు. ముందు భాగంలో సమ్మయ్య. చేతిలో పొడుగాటి వెదురు గెడ, భుజాన తుపాకి. ఎదురుగా వచ్చే బండా, ఇసుకతిన్నే, కొట్టుకొచ్చే దుంగా చూసి చేత్తో సైగ చెయ్యాలి. వెనక చుక్కాని దగ్గర దూలయ్య. ఇంజను గుంటలో ధన్‌సింగ్. నడుమ బైనాక్యులర్స్‌తో బసవపున్నయ్య. రెండు ఒడ్లూ అతనివి.

ఇంజను మోతలో మాట వినబడదు. చెయ్యే మాట. పిడికిలి ఎత్తితే ఇంజను ఆపాలి. అరచెయ్యి ఎటు ఊపితే అటు తిప్పాలి. ఎవరి దిక్కు వాళ్ళే చూడాలి, పక్కవాడి దిక్కులోకి తొంగిచూడకూడదు. అదిగాక ప్రతివాడికీ రెండో పని ఒకటి ఉండేది. దూలయ్యకు ఏమైనా అయితే ధన్‌సింగ్ చుక్కాని పట్టాలి, ధన్‌సింగ్‌కు అయితే సమ్మయ్య ఇంజను చూడాలి. మొదట్లో ముగ్గురూ ఇదంతా సారు పిచ్చి అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి, ఒడ్డు మీద బీడీ అడగాలన్నా సైగ చేసుకునేంతగా అలవాటు పడ్డారు.

ఆ ఆషాఢంలో సమ్మయ్య పోయాడు.

కొత్త నీరు వచ్చింది. వేళ్ళతో సహా ఒక చెట్టు కొట్టుకొస్తుంటే గెడతో పక్కకు నెట్టబోయాడు. గెడ వేళ్ళలో ఇరుక్కుంది. వదిలేస్తే సరిపోయేది, వదల్లేదు. చెట్టు గిర్రున తిరిగి అతన్ని లాక్కుపోయింది. పిడికిలి ఎత్తాల్సిన మనిషే నీళ్ళలో పడ్డాడు గనుక ఇంజను ఆపాలని ధన్‌సింగ్‌కు తెలియడానికి కాస్త ఆలస్యమైంది. చీకటి పడేదాకా ఆ చుట్టుపక్కలే తిరిగారు. గెడ దొరికింది. మనిషి దొరకలేదు.

మూడో రోజుకు వెతుకులాట ఆపేసి గస్తీ మొదలుపెట్టమని ఎస్సై చెప్పాడు. మొదలుపెట్టారు. కాని అది పేరుకే గస్తీ. లంక కనబడితే బోటు దానికి దగ్గరగా జరిగేది. కాకులు మూగిన చోటల్లా వేగం తగ్గేది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరూ వెతుకుతూనే ఉన్నారు. బసవపున్నయ్యకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. అన్నం ముందు కూర్చుని, సగంలో లేచి, రేవు దాకా వెళ్ళి నీటిమట్టం చూసి వచ్చేవాడు. మట్టం ఒక అడుగు తగ్గితే, ఏ తిన్నె బయటపడి ఉంటుందో, దాని మీద ఏముంటుందో అనే ఆలోచన. భార్య నిర్మలాదేవి అడిగితే ఇంజనులో ఏదో రిపేరు అని చెప్పేవాడు.

చర్ల పక్క ఊరి నుంచి సమ్మయ్య భార్య చిన్నక్క రెండుసార్లు వచ్చి పోయింది. ఏడవలేదు. దొరికాడా అని మాత్రం అడిగింది. దొరుకుతాడని బసవపున్నయ్య రెండుసార్లూ మాట ఇచ్చాడు.

సమ్మయ్య చోటులోకి దేవ్లా అనే కానిస్టేబుల్‌ను పంపారు. ములకలపల్లి దగ్గరి తండావాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఏటిని చూసిందే తక్కువ, ఈత అంతంత మాత్రం. ధన్‌సింగ్‌దీ తండానే, ఇద్దరిదీ ఒకే భాష. అయినా ధన్‌సింగ్ అతనితో ముక్తసరిగా మాట్లాడేవాడు. బసవపున్నయ్య సైగలన్నీ చూపించాడు గాని, రెండో పని నేర్పలేదు. ఇంకా శవమైనా దొరకని మనిషి పనిని వేరొకరికి అప్పగించడానికి అతనికి చేతులు రాలేదు.

దేవ్లా గెడ పట్టుకుని ముందు కూర్చునేవాడు. తప్పో ఒప్పో చెయ్యి ఎత్తేవాడు. ఆ చేతిని చూసేవాళ్ళు మాత్రం లేరు. దూలయ్య తనకు తెలిసిన దారినే నడిపేవాడు, ధన్‌సింగ్ దూలయ్య మొహం చూసి ఇంజను తగ్గించేవాడు.

శ్రావణంలో ఒక సంత రోజు. ఎండ కాస్తోంది, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. శబరి కలిసే చోటికి వచ్చేసరికి ఎడమ ఒడ్డున తుమ్మకంపలో ఖాకీ రంగు గుడ్డ ఏదో వేలాడుతూ బసవపున్నయ్య కంటపడింది. బైనాక్యులర్స్ ఎత్తాడు. చొక్కా చెయ్యిలాగే ఉంది. వెనక్కి తిరగకుండానే ఎడమకు తిప్పమని దూలయ్యకు చెయ్యి ఊపాడు. దూలయ్య అప్పటికే చూశాడు. ధన్‌సింగ్ ఇంజను గుంటలోంచి లేచి నిలబడి మరీ చూస్తున్నాడు. ముగ్గురి కళ్ళూ ఆ కంప మీదే ఉన్నాయి.

లంక చాటు నుంచి నాటుపడవ ఒకటి బయటికొచ్చింది. సంతకు పోతున్న ఆడవాళ్ళు, గంపలు, రెండు మేకలు. దేవ్లా పిడికిలి ఎత్తాడు. రెండో పిడికిలి కూడా ఎత్తాడు. తర్వాత అరిచాడు. బోటు ముక్కు వెళ్ళి నాటుపడవ నడుముకు తగిలింది.

ఆ చప్పుడుకు బసవపున్నయ్య ముందుకు పడ్డాడు. లేచి చూస్తే నీళ్ళ నిండా తలలు. అప్పుడు గొంతు లేచింది. "ధన్‌సింగ్, న్యూట్రల్! నీళ్ళలో రెక్కలు తిరగనీకు." ధన్‌సింగ్ గేరు తీసేశాడు. దూలయ్య మిగిలి ఉన్న ఊపుతోనే బోటును మనుషులకు దిగువకు తెచ్చి, ప్రవాహానికి అడ్డంగా పెట్టాడు. కొట్టుకొచ్చేవాళ్ళు బోటుకే వచ్చి తగలాలని. ధన్‌సింగ్ నడుముకు తాడు కట్టుకుని దూకాడు. అతను దూకగానే ఇంజను దగ్గర ఎవరూ లేరు. బసవపున్నయ్య గుంటలోకి దిగి కూర్చున్నాడు. అక్కడినుంచి అతనికి ముందు ఏముందో కనబడదు. దేవ్లా చెయ్యి తప్ప.

దేవ్లా బోర్లా పడుకుని ఒక చేత్తో గెడ నీళ్ళలోకి చాపాడు, రెండో చెయ్యి పైకి ఎత్తి ఉంచాడు. పిడికిలి. పిడికిలి. ఎవరో గెడ పట్టుకున్నారు. అరచెయ్యి కుడికి కదిలింది, బసవపున్నయ్య కొద్దిగా ఇంజను ఇచ్చాడు. మళ్ళీ పిడికిలి. దూలయ్య కూడా ఇప్పుడు ఆ చేతినే చూస్తున్నాడు. ఆ తర్వాత ఎంతసేపు అలా సాగిందో వాళ్ళలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఆడవాళ్ళందరూ బోటులోకి చేరారు. పడవ నడిపే ముసలాయన బోర్లాపడిన పడవ మీదే కూర్చుని దొరికాడు. మేకలు పోయాయి.

హేమ్లి అనే పెద్దామె ముంజేయి విరిగింది. కూనవరం దవాఖానాకు తీసుకుపోతుంటే ఆమె దారంతా మూలుగుతూనే ఉంది. ఒడ్డు దగ్గరపడ్డాక బసవపున్నయ్య వైపు తిరిగింది.

"గింత పెద్ద పడవను జూడకపోతిరి. మీ కండ్లు ఏడ వెట్టుకున్నరు సారూ?"

తిరిగి వచ్చేటప్పుడు దూలయ్య ఆ తుమ్మకంప దగ్గర బోటు ఆపాడు. గుడ్డను దేవ్లాయే గెడతో లాగాడు. చిరిగిన టార్పాలిన్ ముక్క అది. దాన్ని నీళ్ళలో పడేసి దేవ్లా వెనక్కి తిరిగాడు. కోపంగా ఏమీ లేడు.

"సార్, నా చెయ్యి ఎవ్వలు జూడకుంటే నేను ముందల ఎందుకు గూసోవాలె?"

ధన్‌సింగ్ తల దించుకున్నాడు.

సుడి వల్ల జరిగిందని చెబితే సరిపోతుందని ఎస్సై అన్నాడు. సంత రోజుల్లో ఇలాంటివి మామూలేనట. బసవపున్నయ్య ఆ సాయంత్రం సరేనన్నాడు. మర్నాడు పొద్దున మళ్ళీ ఎస్సై దగ్గరికి వెళ్ళి, తాను గస్తీ చెయ్యడం లేదనీ, ఇన్నాళ్ళూ శవాన్ని వెతుకుతున్నాననీ, బోటును అటు తిప్పమన్నది తానేననీ చెప్పేశాడు. విచారణ వేశారు. మందలించి వదిలేశారు. కొత్తగూడెం నుంచి ఇంకొక ఇన్‌చార్జి రావచ్చనే మాట కొంతకాలం తిరిగింది గాని ఎవరూ రాలేదు.

విచారణ జరుగుతుండగానే చిన్నక్క మూడోసారి వచ్చింది. రేవు మెట్ల మీద ఆమె పక్కనే కూర్చుని బసవపున్నయ్య జరిగిందంతా చెప్పాడు. చెప్పి, ఇంక వెతకలేననే మాట దగ్గర ఆగిపోయాడు. రెండుసార్లు మాట ఇచ్చిన నోటితో అది రావడం లేదు.

చిన్నక్క అతని మొహం చూసింది. ముందు హేమ్లి విరిగిన చెయ్యి గురించే అడిగింది, అతికిందా అని. కట్టు కట్టారని చెప్పాడు. అప్పుడు తనను ఒకసారి సమ్మయ్య పడిన చోటికి తీసుకుపొమ్మంది. ఊళ్ళో అందరూ తలా ఒక రకంగా చెబుతున్నారట, తను చూడాలట. ఎస్సై ఒప్పుకున్నాడు.

మర్నాడు తీసుకెళ్ళారు. నీళ్ళు తగ్గి, ఏరు నిమ్మళంగా ఉంది. చోటు వచ్చాక దేవ్లా పిడికిలి ఎత్తాడు, ఇంజను ఆగింది. బోటు మెల్లగా దిగువకు జారుతోంది. చూడటానికి అక్కడ ఏమీ లేదు. చిన్నక్క అంచు పట్టుకుని ముందుకు నడిచి, ఆయన ఎక్కడ కూర్చునేవాడని అడిగింది. దేవ్లా గబుక్కున లేచి చోటు ఇవ్వబోయాడు.

"నువ్వు లేవకు తమ్మీ," అంది ఆమె. "నువ్వు లేస్తే ముందల ఎవ్వలు జూస్తరు?"

అతని వెనకనే, ఒట్టి ఇనుప రేకు మీద కూర్చుంది. చాలాసేపు నీళ్ళలో చెయ్యి పెట్టి ఉంచింది. తర్వాత చెయ్యి కొంగుకు తుడుచుకుని బసవపున్నయ్యను పిలిచింది.

"అన్నా, మీరు నన్ను జూసి ఎతుకుతున్నరు. నేను మిమ్మల్ని జూసి ఒస్తున్న. పిల్లలు నాయనకు కర్మ జేసేది ఉన్నది. దొరకలేదని చెప్పుండ్రి, చాలు."

"దొరకలేదమ్మా," అన్నాడు బసవపున్నయ్య. దూలయ్య అటు తిరిగి చుక్కాని సరిచేస్తున్నట్టు నటించాడు.

రేవులో దిగాక ధన్‌సింగ్ ఆమెను చర్ల బస్సు దాకా దిగబెట్టి వచ్చాడు. వచ్చి, దేవ్లాను ఇంజను గుంటలోకి రమ్మని తమ భాషలో పిలిచాడు. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. ధన్‌సింగ్ ఒక్కొక్కటి చేత్తో ముట్టి చూపించాడు. దేవ్లా హ్యాండిల్ తిప్పితే మొదటిసారి ఇంజను దగ్గి ఆగిపోయింది. ఇంకోసారి తిప్పమన్నాడు ధన్‌సింగ్.

బసవపున్నయ్య మెట్ల మీద నిలబడి చూస్తూ ఉన్నాడు. వాన పట్టేలా ఉంది, ఎగువన ఏటూరునాగారం వైపు అప్పటికే నల్లగా కమ్మింది. నీటిమట్టం చూడటానికి కాలు అటు లాగింది. వెళ్ళకుండా ఉండలేకపోయాడు. వెళ్ళి చూశాడు, ఒక మెట్టు మునిగింది. పైకి వచ్చి, ఏరు పెరిగేలోపు ఊళ్ళకు మందులు చేర్చాలనీ, రేపు అరగంట ముందే బయలుదేరాలనీ ముగ్గురికీ చెప్పాడు.