కిళ్ళీ రంగు

మా దుర్గాశ్రీకి ఎడమ కనుబొమ్మ సగం లేకుండా పోవడానికి కారణం నేనే. దానికప్పుడు ఆరేళ్ళు. దాని తల్లి, అంటే నా కూతురు, పిల్లని నా దగ్గర వదిలి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, ఇప్పటికీ అక్కడే ఉంది. నేను పూతరేకులు తీసి అమ్ముకునేదాన్ని. ఆరోజు బోర్లించిన కుండ కింద కొబ్బరిమట్టలు మండుతున్నాయి. “అమ్మమ్మా, ఒక్క రేకు” అంటూ పక్కనే కూర్చున్న పిల్ల, నేను పిండినీళ్ళలో గుడ్డ ముంచుకునేలోగా మంట చూద్దామని వంగింది. కన్ను దక్కింది. కనుబొమ్మ బయటి సగం కాలిపోయి మళ్ళీ మొలవలేదు. ఆ తరవాత నేను ఆ కుండ ముట్టుకోలేదు. “వీరమ్మగారూ, మీ చేతి రేకు తిని ఎన్నేళ్ళయిందండీ” అని ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. చేతులు వణుకుతున్నాయని చెబుతాను.

పిల్ల పెరిగింది, నల్ల పెన్సిల్‌తో ఆ సగం దిద్దుకోవడం నేర్చింది. ఎంత పొందికగా దిద్దేదంటే, పెళ్ళిచూపుల్లో ఎవరికీ అనుమానం రాలేదు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు సంబంధం. పెళ్ళికొడుకు గణేష్‌బాబు, రొయ్యల చెరువు కౌలుకి తీసుకుని చూసుకునేవాడు. తండ్రి లేడు, తల్లి రామతులసి ఒక్కతే. నవ్వే మనిషి గణేష్‌బాబు. నాకు అదొక్కటీ చాలనిపించింది.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి వచ్చినప్పుడు దుర్గాశ్రీ నా పక్కలో పడుకుని చెప్పింది.

“పడుకుంటే పెన్సిల్ చెరిగిపోద్దమ్మమ్మా. అందుకని తెల్లారగట్ల నాలుగింటికే లేచి దిద్దుకుంటున్నాను. ఆయన లేచేసరికి నా మొహం సరిగ్గా ఉండాలి.”

“ఎన్నాళ్ళు లేస్తావే అలా?”

“ఎన్నాళ్ళైనా.”

రెండేళ్ళు లేచింది. జ్వరం వచ్చినా లేచింది. అక్కడ రామతులసిగారేమో “మా కోడలు కోడికంటే ముందు లేచి వాకిలి చిమ్ముతుందండీ” అని చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయేది. విన్నప్పుడల్లా నేను మాట మార్చేసేదాన్ని.

ఈ యేడు శ్రావణంలో గణేష్‌బాబు ఒక్కడే మోటారుసైకిల్ మీద మా ఊరొచ్చాడు. కవరునిండా రొయ్యలు తెచ్చాడు. నేను వొలుస్తుంటే ఎదురుగా పీట వేసుకు కూర్చున్నాడు.

“అమ్మమ్మగారూ, మీకో రహస్యం చెబుతాను, దానికి చెప్పకూడదు. మీ మనవరాలి కనుబొమ్మ సంగతి నాకు మూడోరోజే తెలిసిపోయిందండి.”

నా చేతిలో రొయ్య జారిపోయింది.

“కంగారు పడకండి. అది నాలుగింటికి లేచి అద్దం ముందు కూర్చుంటే నేను కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తానండి. రెండేళ్ళు! నాటకాల కంపెనీలో ఉంటే ఈపాటికి మెడల్ ఇచ్చేవోరు. ఒక్కోసారి నటిస్తూ నటిస్తూ నిజంగానే నిద్రపోతాను, అది వేరే సంగతి.”

“మరి చెప్పొచ్చుగా బాబూ దాంతో?”

“చెబితే చిన్నబుచ్చుకుంటదండి. పాలకొల్లులో ఒక పార్లరుంది. సూదితో రంగు ఎక్కించి కనుబొమ్మ గీస్తారంట. నీళ్ళకి పోదు, చెమటకి పోదు. మీరు తీసుకెళ్తున్నట్టు చెప్పండి. దాన్ని ఒక్కరోజు ఆరింటిదాకా పడుకోబెట్టాలండి నాకు. అంతే.”

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. రొయ్యల వాసన చేతులతోనే తుడుచుకున్నాను. కళ్ళు మండి ఇంకా కారాయి. అతను పడీపడీ నవ్వాడు.

రామతులసిగారితో నా కళ్ళు డాక్టరుకి చూపించుకోవాలని అబద్ధం చెప్పాం. పార్లరు మేడ మీద. మెట్ల దగ్గర కాచుకుని ఉన్న గణేష్‌బాబుని చూసి దుర్గాశ్రీ చేత్తో కనుబొమ్మ కప్పుకుంటే, “నాకు మూడోరోజే తెలుసులే, పద” అని నవ్వేశాడు. అక్కడి అమ్మాయి పేరు ఆశాజ్యోతి, చలాకీగా ఉంది. దారానికి రంగు పూసి, దుర్గాశ్రీ నుదుటి మీద వడ్రంగి చెక్క మీద గీత కొట్టినట్టు కొట్టింది.

“ఏంటండీ, గుమ్మానికి ద్వారబంధం కొలిచినట్టు కొలుస్తున్నారు?” అన్నాడు గణేష్‌బాబు.

“వంకర వస్తే మీరే వచ్చి నా మీద పడతారు సార్” అని ఆ అమ్మాయి నా వైపు తిరిగి, “మామ్మగారికి అప్పట్లోనే టాటూ ఉందే! ఎంత ముద్దుగా ఉందో” అంది.

నా నుదుటి మధ్యన పచ్చబొట్టు ఉంది. పదేళ్ళప్పుడు తణుకు సంతలో ఒకావిడ దీపం మసీ ఆకుపసరూ కలిపి సూదులతో పొడిచింది.

“మధ్యలో ఈ గాటేంటండీ?”

“చిన్నప్పుడు గడప మీద పడ్డానమ్మా” అన్నాను. అదీ అబద్ధమే.

కనుబొమ్మ అయ్యాక ఆశాజ్యోతి పెదాల సంగతి ఎత్తింది. దుర్గాశ్రీ పెదాలు చిన్నప్పటినుంచీ కాస్త నల్లగా ఉంటాయి. “వద్దు వద్దు” అని ఇది సిగ్గుపడుతుంటే, ఆ అమ్మాయి రంగుల అట్ట తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను అట్ట పక్కన పెట్టేసి ఫోన్‌లో పెళ్ళి ఫొటో తీశాడు. భోజనాలయ్యాక ఇద్దరూ కిళ్ళీ వేసుకుని నాలుకలు చూపించుకుంటున్న ఫొటో.

“ఇదిగోనండి. కిళ్ళీకి దీని నోరు పండిన రంగు. ఇది వస్తుందా?”

“వస్తుంది సార్, కానీ ఓపిక పట్టాలి. రెండు రోజులు వాచి భయపెడుతుంది. తరవాత పొట్టు రేగుతుంది. ఆనక అసలేం చెయ్యనట్టు పాలిపోతుంది. అప్పుడు ఫోన్ చేసి నన్ను తిట్టకండి. నెల దాటాక లోపల్నించి వస్తుంది అసలు రంగు.”

“రొయ్యకి నాలుగు నెలలు కాచుకునేవాణ్ణి. పెదాలకి నెల కాచుకోలేనా?”

మత్తు పూత రాసినా, పెదాల మీద సూది మిషను జుయ్యిమంటుంటే దుర్గాశ్రీ అతని చెయ్యి వదల్లేదు. ఒక చేత్తో దాని చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో దాని జుట్టు నుదుటి మీద పడకుండా ఎత్తిపట్టుకుని గంటన్నర నిలబడ్డాడు. ఇంటికెళ్ళాక వాచిన మూతి చూసి రామతులసిగారు ఏమైందంటే, “పీతల పులుసు తింది, పడలేదమ్మా” అన్నాడట. ఆవిడ పాపం మిరియాల కషాయం కాచి పోసింది. పెదాలు మండి పిల్ల గెంతులేసిందట.

ఐదోరోజున వీడియో ఫోన్ చేశారు.

“చూడండమ్మమ్మగారూ, మీ మనవరాలు పొలుసులు ఊడుతున్న బొచ్చెచేపలా ఉంది!”

“చూశావా అమ్మమ్మా, నోటికొచ్చినట్టు వాగుతున్నారు” అని ఇది అతని వీపు మీద ఒక్కటిచ్చింది.

“ఒక మంచి కబురండి. ఆరింటిదాకా పడుకుంటోంది. గురక కూడా పెడుతోంది.”

“అబద్ధం!”

“రికార్డు చేసి పంపిస్తాను అమ్మమ్మగారికి.”

ఆ రికార్డు నాకు రాలేదు. ఆరోరోజు తెల్లవారుజామున చెరువు మీద నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు ఆగిపోయిందని ఫోన్ వస్తే లేచి వెళ్ళాడు. ఆగిన చక్రం చూద్దామని నీళ్ళలో దిగాడు. కరెంటు ఉంది.

నాలుగింటికి లేచే పిల్ల ఆరోజు నిద్రపోతోంది. అతను వెళ్తూ లేపలేదు. ఫ్యాను తగ్గించి, దుప్పటి కప్పి వెళ్ళాడు. ఆ దుప్పటి తను కప్పుకోలేదని, అతనే కప్పాడని దానికి ఏడింటికి మెలకువ వచ్చాక తెలిసింది. అప్పటికే వాకిట్లో జనం ఉన్నారు.

పదోరోజు కార్యంలో బొట్టు తియ్యాలని ఎవరో అంటే రామతులసిగారు ఒప్పుకోలేదు. “నా కొడుకు పోయాడని పిల్ల మొహం బోసిగా చెయ్యను. ఉండనివ్వండి” అని గట్టిగా చెప్పింది. ఆవిణ్ణి చేతులెత్తి మొక్కాలనిపించింది నాకు. ఆ వేళకి దుర్గాశ్రీ పెదాల మీద రంగన్నదే లేదు. ఆశాజ్యోతి చెప్పినట్టే పాలిపోయింది. నేనూ ఆ సంగతి మరిచిపోయాను. నేను ఇంటికి వచ్చేశాను, పిల్ల అత్తగారి దగ్గరే ఉంటానంది. అతని చొక్కాలు ఆ ఇంట్లో ఉన్నాయి కదా.

నెల మాసికానికి వెళ్ళాను. వంటింటి గుమ్మంలో దుర్గాశ్రీని చూసి సంచి అక్కడే దించేశాను. నూనె లేని జుట్టు, నలిగిన చీర, గుంటలు పడ్డ కళ్ళు. ఆ మొహంలో పెదాలు మాత్రం, ఇప్పుడే కిళ్ళీ నమిలినట్టు పండి ఉన్నాయి. అతను ఫొటోలో చూపించిన రంగే. వీసమెత్తు తేడా లేదు.

గణేష్‌బాబు మేనత్త చిన్నమ్మాయి అప్పుడే నీళ్ళబిందెతో వచ్చింది. పేరు చిన్నమ్మాయే గాని ఆవిడకి అరవై దాటాయి.

“ఏమే అమ్మాయ్, ఏంటిది? వాడి పిండాలింకా ఆరలేదు, నీకు లిప్‌స్టిక్ కావాల్సొచ్చిందా?”

“కాదండి అత్తయ్యగారూ...”

“ఏం కాదూ? నాకు కళ్ళు లేవనుకున్నావా? వదినా, బొట్టు ఉంచమన్నావు, ఉంచాం. ఇక జడలో పూలు కూడా పెట్టు!”

హాల్లో జనం గుమ్మం వైపు తిరిగారు. రామతులసిగారు వచ్చి, నెలరోజులుగా తల దించుకునే తిరుగుతున్న కోడలి మొహం చూసింది. తన కొంగు చివర తడిపి ఇచ్చి, “తుడుచుకో అమ్మా” అంది. కోపంగా అంటే బాగుండేది. ప్రాధేయపడినట్టు అంది.

దుర్గాశ్రీ నా వైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపు. రెండేళ్ళు దాచింది, పోయినవాడితో కలిసి దాచింది, అది బయటపెట్టడం దానికి ఇష్టంలేదు. తుడుచుకుంది. రంగు పోలేదు. ఇంకా గట్టిగా తుడిచింది. “వాటర్‌ప్రూఫ్ కొనుక్కుంది మహాతల్లి” అని చిన్నమ్మాయి గొణిగింది. అది మూడోసారి రుద్దేసరికి కొంగుకి నెత్తురంటింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా నుదురు మండింది. నిజంగా మండింది.

వెళ్ళి దాని చెయ్యి పట్టుకున్నాను.

“ఆపవే. ఆపు తల్లీ. రామతులసిగారూ, నాకు ముప్పయ్యో ఏట మా ఆయన పోయాడు. కుంకుమ చెరిపారు. కింద ఈ పచ్చబొట్టుంది, అది పోలేదు. ముండమోపికి బొట్టేంటన్నారు. ఎవరూ నా మీద చెయ్యి వెయ్యలేదండి. నేనే దొడ్లోకి వెళ్ళి ఇటుకముక్కతో రుద్దుకున్నాను. ఇదిగో గాటు. గడప మీద పడ్డానని చెబుతాను అందరికీ. మా ఆయనకి ఈ బొట్టంటే ఇష్టం. పొద్దున్నే వేలితో తాకి పొలానికెళ్ళేవాడు. నేనే రుద్దేశాను.” దాని చెయ్యి వదల్లేదు నేను. “అది లిప్‌స్టిక్ కాదండి. మీ అబ్బాయి దగ్గరుండి సూదితో పొడిపించాడు. రంగు కూడా అతనే చెప్పాడు. నెలకి గాని పైకి రాదన్నారు. ఇవాళ వచ్చింది.”

కనుబొమ్మ సంగతి, నాలుగింటికి లేవడం, అతను నిద్ర నటించడం, పీతల పులుసు, అన్నీ చెప్పేశాను. ఆఖరికి నా పూతరేకుల కుండ సంగతి కూడా. చిన్నమ్మాయి బిందె కింద పెట్టి గోడకి ఆనుకుంది.

రామతులసిగారు కోడలి గడ్డం పట్టుకుని ఎత్తింది.

“వాడు చూశాడా ఈ రంగు?”

“లేదత్తయ్యా. అప్పటికి రాలేదు.”

ఆవిడ ఆ పెదాలవంకే చూస్తూ నిలబడింది. నెత్తురు బొట్టుని కొంగుతో మెల్లిగా అద్దింది. తరవాత నా దగ్గరికొచ్చింది.

“పిన్నిగారూ, దీన్ని మీతో తీసుకెళ్ళండి. కోపం కాదండి, నా కొడుకు మీదొట్టు. వాడు నెల రోజులు కాచుకుంటానన్న రంగు వాడికి దక్కలేదు. మూడుపూటలా ఎదురుగా కూర్చుని నేను చూడలేనండి. నా వల్ల కాదు.”

“అత్తయ్యా, మొహం కప్పుకుంటాను. ఇక్కడే ఉంటాను” అని ఇది కాళ్ళ మీద పడింది. ఆవిడా కిందే కూలబడి దాన్ని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. కానీ మాట మార్చలేదు. సాయంత్రం బస్సుకి మేమిద్దరం బయల్దేరాం. రామతులసిగారు అతని చొక్కా ఒకటి మడతపెట్టి దాని సంచిలో పెట్టింది.

పది రోజులకి ఆశాజ్యోతి ఫోన్ చేసింది. నేను తీశాను. రెండోసారి రంగు దిద్దడానికి రమ్మంది, సార్‌ని కూడా తీసుకురమ్మంది.

“రంగు నచ్చిందా అండి సార్‌కి?”

“నచ్చిందమ్మా” అన్నాను. ఇంకేం అనను?

దుర్గాశ్రీ ఫోన్ లాక్కుని ఒకటే అడిగింది. “ఎన్నాళ్ళుంటుందండీ ఇది?”

రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు, ఎండ తగలకపోతే ఇంకాస్త, అని ఆ అమ్మాయి చెప్పింది. అప్పట్నించి పిల్ల ఎండలోకి రావడం మానేసింది. వస్తే మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. సిగ్గుపడి కప్పుకుంటోందని ఊళ్ళో అనుకుంటున్నారు, అనుకోనీ అని ఊరుకున్నాను. పులుపు ముట్టదు, కారం ముట్టదు. గోంగూరంటే పడిచచ్చే పిల్లకి చప్పిడి పప్పు వండి పెడుతున్నాను. నేనూ అదే తింటున్నాను.

ఇప్పటికీ నాలుగింటికి లేస్తుంది. లైటు వేసుకోదు. అద్దం ముందు ఊరికే కూర్చుంటుంది.

“పడుకోవే, దిద్దుకోవడానికేముందిప్పుడు?” అన్నాను నిన్న.

“ఆయన లేచే వేళైంది కదమ్మమ్మా. ఆరోజు నేను లేచే ఉంటే, వెళ్ళేటప్పుడు చూసేదాన్ని.”

నేను లేచి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. వేలితో దాని ఎడమ కనుబొమ్మ తాకి చూశాను. ఎక్కించిన రంగు చేతికి తెలియలేదు. కాలిన చోట చర్మం ఒక్కటే నున్నగా తగిలింది. ఆరయ్యేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.