నీలి నిద్ర, నెమలి అంచు

నేను ఒక పాత కంప్యూటర్‌ని. ఎక్కడో సముద్రం అవతల ముక్కలుగా పుట్టి, అనంతపురంలో ఒక కొట్లో మనిషినయ్యాను. కొన్నాళ్లు ఇంటర్నెట్ సెంటర్లో పిల్లలకు పరీక్ష ఫలితాలు చూపించాను. పాసైనవాడు దేవుడికి దణ్ణం పెట్టేవాడు, తప్పినవాడు నన్ను కొట్టేవాడు. తరవాత ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే ఓబుళమ్మ ఇంటికి చేరాను.

ఆమె నన్ను ఇంట్లో మనిషిలా చూసుకుంది. ఆయుధపూజకు నా ఒళ్లంతా పసుపు కుంకుమలు పూసి సాంబ్రాణి పట్టేది. ఆ పసుపు కుంకుమలు పడేది నాకు గాలాడే సందుల్లోనేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వయసు మీదపడ్డాక నాకు కునుకు ఎక్కువైంది. స్విచ్ వేయగానే లేస్తాను. అంతలోనే తెర నీలమైపోతుంది, మళ్లీ మొదటికొస్తాను. మీరు దాన్ని జబ్బంటారు. నాకు మాత్రం అదొక చల్లని మడుగు, అందులో నెమళ్లు మెల్లగా నడుస్తుండేవి. దిష్టి తగిలిందని ఓబుళమ్మ నిమ్మకాయ తిప్పి, ఇంకో బొట్టు పెట్టేది. రోగమూ అదే, మందూ అదే!

ఈసారి మాత్రం నిమ్మకాయకూ నేను కుదుటపడకపోయేసరికి ఆమె భయపడింది. చూపు మసకబారుతుండగా గీసిన చివరి నెమలి అంచు నాలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. మళ్లీ గీద్దామంటే కళ్లు ఆనవు.

మెకానిక్ ఖాజాపీరా వచ్చి నా పక్క రేకు ఊడదీసి నోరెళ్లబెట్టాడు. ఫ్యాను రెక్కల మీద కుంకుమ గడ్డకట్టి ఉంది.

"ఏందక్కా, దీన్ని ముత్తైదువను చేసినావే!"

"పూజ చేస్తే తప్పా నాయనా?"

"తప్పు కాదులే. దీనికీ ఊపిరాడల్ల కదా."

దుమ్ము దులిపాడు. మెమరీ ముక్క తీసి, పిల్లల రబ్బరుతో రుద్ది పెట్టాడు. లేచాను, మళ్లీ నీలంలోకి జారిపోయాను. ఆమె కళ్లు తుడుచుకుంది. నాకు సిగ్గేసింది. అతను రేకు బిగించకుండానే టేబుల్ ఫ్యాను నా పొట్టకెదురుగా పెట్టి స్విచ్ వేశాడు. మడుగు రమ్మంటోంది. ఈ ఒక్కసారికి రానని మొండికేశాను.

అంచు తెర మీదికి వచ్చింది. ఖాజా దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆపబోయాడు.

"ఉండు. నెమలి మెడకు నేనేం రంగు ఏసినానో చెప్పు."

అతను తటపటాయించాడు. "మెడకు రంగే ఏయలేదక్కా. ఖాళీగా ఉండాది."

"ఏసినాననుకుంటినే..."

ఆమె కళ్లు మూసుకుంది. "మనసులో ఉన్నప్పుడే ఏసెయ్. వంగపండు రంగు. గొంతు దగ్గర రవ్వంత చిలకపచ్చ." ఆమె చెబుతుంటే అతను తెర మీద మెడ గళ్లను గడి వెంట గడి రంగుతో నింపాడు. ఆఖరి గడి నిండి, అంచు మళ్లీ భద్రంగా ఎక్కేదాకా నేను కునుకు తీయలేదు.

ఇప్పుడు అటక మీద ఉన్నాను. నన్నెవరూ లేపరు, నాకూ లేవాలని లేదు. ఆ నెమలి అంచుతో మొదటి చీర మగ్గం దిగిన రోజు, కింద ఓబుళమ్మ ఆ అంచును కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. "అదే రంగు" అంది. ఆమెకు నిజంగా కనబడిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం నమ్మాను.