పడని మందు

ఇంత చిన్న బిళ్ళకా తను ఇన్నేళ్ళూ హడలిపోయింది, చిటికెనవేలి గోరంత కూడా లేదు, గొంతు దాటిందో లేదో తెలియడం లేదు, దాటే ఉంటుంది, గ్లాసుడు నీళ్ళూ దగ్గరుండి తాగించింది కదా ఆ నర్సు పిల్ల సిల్యె, తాగించి మంచం పక్కకే కుర్చీ లాక్కుని కూర్చుంది, గంటసేపు ఇక్కడే ఉంటాను బోర్గ్‌హిల్డ్ గారూ, ఒళ్ళు దురద పెట్టినా, గొంతు పట్టేసినట్టున్నా, ఊపిరిలో పిల్లికూతలు వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే చెప్పండి, మొహమాటపడకండి అంది, చావు దగ్గర కూడా మొహమాటమేమిటే అమ్మాయ్ అనబోయి ఊరుకుంది బోర్గ్‌హిల్డ్, పళ్ళెంలో తెల్లగుడ్డ మీద సిద్ధంగా పెట్టిన సూది కనబడింది మరి, ఏమైనా అయితే తొడలోకి పొడవడానికట, దాన్ని చూశాక హాస్యాలు నోటికి రావు.

పంటిలోంచి బయల్దేరిన క్రిమి నెత్తుట్లో పడి గుండె దాకా వెళ్ళి అక్కడి కవాటం మీద కాపురం పెట్టిందని, దాన్ని లేపకపోతే కవాటాన్ని కొరికి తినేస్తుందని పెద్దడాక్టరు చెప్పినప్పుడు బోర్గ్‌హిల్డ్ సరే అన్నట్టు తలాడించింది, దానికి అసలైన మందు పెన్సిలిన్ అన్నప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపింది, అది నాకు పడదు, పదిహేడో ఏట ఒళ్ళంతా మచ్చలు తేలినప్పటినుంచీ పడదు, పళ్ళడాక్టరుకీ మంత్రసానికీ అందరికీ ఇదే చెప్పింది, చెప్పి చెప్పి అది తన ఇంటిపేరులా అయిపోయింది, అందుకని వేరే మందు ఎక్కించారు, అది గుండెకి ఏం ఉద్ధరించిందో గాని మూత్రపిండాల మీద పడిందట, ఇంకొన్నాళ్ళు అదే ఎక్కిస్తే అవి చేతులెత్తేస్తాయట, ఎప్పటివో మచ్చల్ని నమ్ముకుని గుండె పోగొట్టుకుంటారా, పడుతుందో పడదో మా కళ్ళముందే చూద్దాం అన్నాడాయన, ఒప్పుకుంది, ఏం కోరుకోవాలో తెలియక చేతులు మాత్రం జోడించింది, కిటికీ బయట బెర్గెన్ ఊరి వాన ఎప్పటిలాగే పడుతోంది, లోపల బిళ్ళ కరుగుతోంది, ఈపాటికి నెత్తుట్లో కలుస్తూ ఉంటుంది.

అసలు అప్పుడేమైంది అని అడిగింది సిల్యె, ఏమవుతుంది, జ్వరం, గొంతు వాచి గుటక పడదు, మెడకి రెండుపక్కలా గడ్డలు, వారాల తరబడి మంచం దిగలేని నీరసం, డాక్టరు మా దీవికి పడవలో వచ్చి ఆ పెన్సిలిన్ జాతివే ఏవో బిళ్ళలు ఇచ్చిపోయాడు, అవి వేసుకున్నాక ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు, అంతవరకే చెప్పింది, మిగతాది కన్నతండ్రికే చెప్పలేదు, ఈ పిల్లకేం చెబుతుంది, వలలు ఆరేసే కొట్టం, తారు వాసన, నాలుగిళ్ళ అవతలి మాగ్నార్, అదిగో మీ నాన్న వస్తున్నాడని బెదిరించి, బెదిరాక నవ్వించి, నవ్వుతూ ఉండగానే ముద్దుపెట్టాడు, తనూ పెట్టింది, అబద్ధమెందుకు, తనే ఎక్కువసేపు పెట్టింది, ఆ చలికాలం గడవకముందే ఈ జబ్బు, నాన్నేమో ప్రార్థనామందిరంలో పెద్ద, డాన్సు పాపం, పేకాట పాపం అనే మనిషి, తడిగుడ్డతో తన చేతులు తుడుస్తూ, ఈ మందు నీకు పడదు తల్లీ, ఎవరడిగినా చెప్పు అన్నాడు, భయంతో వణికింది ఆయన గొంతు, తనకి మాత్రం అన్నీ తెలిసిపోయినవాడి గొంతులా వినబడింది, చేసిన పని దేవుడు ఒంటిమీద ఎర్రగా రాసి ఊరందరికీ చూపిస్తున్నాడనుకుంది, లేచి తిరిగిన మొదటిరోజే రేవు దగ్గర మాగ్నార్‌తో ఇంక నా వైపు రాకు అంది, ఏం, నేనేమైనా కరిచానా అన్నాడు వాడు, తను నవ్వలేదు, వాడు దీవికి జనాన్ని చేరవేసే ఫెర్రీ పడవ మీద తాళ్ళు విసిరే పనిలో చేరాడు, తను మందిరం వాళ్ళు చూసిన మంచివాణ్ణి చేసుకుంది, ఆ ఫెర్రీ ఎక్కినప్పుడల్లా వాడు తలూపితే తను నీళ్ళవైపు చూసేది.

మెడకి గడ్డలు, అన్నివారాల నీరసం, మీకొచ్చింది ముద్దుల జబ్బేమో బోర్గ్‌హిల్డ్ గారూ అంటోంది సిల్యె, ఆ జబ్బులో ఉండగా ఆ బిళ్ళలు వేస్తే చాలామందికి అలాగే మచ్చలు తేలతాయి, జబ్బూ మందూ కలిసి చేసే అల్లరి, తర్వాత ఆ మందు వాళ్ళకి మామూలుగానే పడుతుంది, ముద్దుల జబ్బు అనే మాటని గొంతైనా తగ్గించకుండా, వాన తగ్గింది అన్నంత తేలిగ్గా అనేసింది, ఎవరి ఎంగిలో తగిలిందన్నమాట అని నవ్వింది కూడా, బోర్గ్‌హిల్డ్ ముఖం చెవులదాకా ఎర్రబడింది, సిల్యె ఉలిక్కిపడి లేచి సూది ఉన్న పళ్ళెం మీద చెయ్యేసి, ఏమైంది, దురదా, ఊపిరి ఆడుతోందా అంది, ఆడుతోంది అమ్మాయ్, కూర్చో, ఇది సిగ్గు, అంది బోర్గ్‌హిల్డ్.

కూర్చుంది గాని నాడి మీద వేలు పెట్టి ఇక తియ్యలేదు ఆ పిల్ల, మరి ఈ మందు క్రిమిని చంపి నన్నెలా వదిలేస్తుంది అని అడిగితే, ఆ క్రిమికి చుట్టూ గోడ ఉంటుంది, మందు ఆ గోడ కట్టుకోనివ్వదు, అది పగిలి చస్తుంది, మన ఒంట్లో కణాలకి అలాంటి గోడే లేదు, అందుకని మన జోలికి రాదు అంది, కడుపులో మేలుచేసే క్రిములు కూడా కొన్ని పోతాయి, వికారం, విరేచనాలు, నోట్లో తెల్లపూత రావచ్చు, వస్తే చెప్పండి, కుదుటపడ్డాను కదా అని మధ్యలో మానకూడదు, మిగిలిన క్రిములు మళ్ళీ పెరుగుతాయి అంది, బోర్గ్‌హిల్డ్ వింటోంది, ఒళ్ళు గగుర్పొడిచింది, రొట్టెకి పడితే గీకి సముద్రపు పక్షులకి పారేసిన బూజు, దాని జాతిలోంచి పుట్టిందట ఈ మందు, గోడ ఉన్నవాణ్ణి పట్టుకుని గోడ లేనివాణ్ణి వదిలేసే ఈ తెలివి ఎవరు నేర్పారు దానికి, ఇప్పుడు తన చీకటి ఒంట్లో ఒక్కో సందూ తిరుగుతోంది, గుండెదాకా వెళుతోంది, డెబ్బై ఏళ్ళకి దగ్గరపడిన ఈ ఒళ్ళు దాన్ని ఆపడం లేదు, ఎవరు నువ్వని అడగడం లేదు, చుట్టాన్ని రానిచ్చినట్టు రానిస్తోంది, మందిరంలో ఎన్ని ఆదివారాలు మోకాళ్ళమీద ఉన్నా రాని భక్తిలాంటిదేదో ఇప్పుడు మంచంమీద వచ్చింది.

గంట అయిందంటూ సిల్యె ఆమె చేతుల మీంచి చొక్కా పైకి మడిచింది, మెడ చూసింది, వీపు చూసింది, బాగుంది, పడింది మీకు, ఇక అసలు మందే ఎక్కిస్తారు అని పళ్ళెం తీసుకుని లేచింది, బోర్గ్‌హిల్డ్ తన చేతుల్నే చూసుకుంటోంది, నీలపు నరాలు, ముడతలు, ముసలితనపు గోధుమరంగు చుక్కలు, అంతే, ఎర్రగా ఎక్కడా ఏమీ లేదు, అప్పుడూ ఎవరూ ఏమీ రాయలేదు, ఒక పిల్ల ముద్దుపెట్టుకుంది, జబ్బుచేసింది, తగ్గింది, నాన్న కూతురు పోతుందేమోనని భయపడ్డాడు, దేవుడు అసలు పట్టించుకున్నాడో లేదో, పట్టించుకున్నా నవ్వుకుని ఉంటాడు, మందుకి కోపం లేదు, నాన్నకి లేదు, మాగ్నార్‌కి కూడా లేదు, ఉంటే అన్నేళ్ళు తలూపుతాడా, ఇంతకాలం ఆ పదిహేడేళ్ళ పిల్ల మీద కోపంగా ఉన్నది తనొక్కతే.