బావ తుడిచేసిన చేయి

మా అక్కను కట్టుకున్నారు కాబట్టి బావా అని పిలవాలి గానీ, ఆ మధ్యాహ్నం ఆయన్ని చూస్తే నా నోటికి వేరే మాటలే వచ్చాయి.

మూడేళ్లుగా నేను ఒకే గెలాక్సీ వెంట పడ్డాను. సుడి తిరిగిన గెలాక్సీలకు రెండు పక్కలా చాచిన నక్షత్రాల పాయలు, అదే చేతులు, ఇంచుమించు సమానంగా ఉంటాయని అందరూ అంటారు. దీనికి ఒక చేయి పొట్టి. రెండోది పల్చగా, పొడుగ్గా ఎటో సాగిపోయింది. ఎందుకు సాగిందో తేల్చాలంటే టెలిస్కోపు నాకు ఇంకో ఏడాది కావాలి. ఇవ్వాలో వద్దో కమిటీ ఇంకాసేపట్లో చెబుతుంది. ఇవ్వకపోతే నా మూడేళ్లూ గంగపాలే.

ఫోటోల్లో మరకలు తుడిచే పని బావది. మా సంస్థలో ఎవరు తీసినా ముందు ఆయన చేతికి వెళ్లాల్సిందే. ఆయన శుభ్రం చేసి పంపిన ఫోటో తెరిచి చూస్తే నా గెలాక్సీ తల దువ్వి బడికి పంపిన పిల్లలా ఉంది. రెండు చేతులూ పొట్టివే!

"బావా! నా పొడుగు చేయి ఏది?"

"ఆ మసకా? కెమెరా అద్దంలో పడ్డ వెలుగమ్మా. తుడిచేశాను. ఎంత ముద్దుగా ఉందో చూడు!"

"ముద్దా? నా కొంప ముంచారు కదా! కెమెరాను పక్కకు తిప్పి రెండోసారి కూడా తీశానే! అద్దంలో వెలుగైతే కెమెరాతో పాటే తిరగాలి. ఇది చుట్టూ ఉన్న నక్షత్రాల పక్కనుంచి కదిలితేగా!"

"ఆ రెండోదీ తుడిచేశాను," అన్నారు తల గోక్కుంటూ.

దేవుడా! అక్క ఈ మనిషితో ఎలా వేగుతోందో! తుడవని ఫోటోలు రెండూ వెతికి పట్టుకుని కమిటీ గదికి పరిగెత్తాను. బావ నా వెనకే వచ్చారు.

కమిటీ పెద్దాయన మా సంస్థలోనే వందల గెలాక్సీల ఫోటోలు తీసి, కొలిచి, రెండు పక్కలూ సమానమేనని తేల్చి పేరు తెచ్చుకున్న మనిషి. నా ఫోటోలు చూసి పెదవి విరిచారు.

"మరక చూపించి టెలిస్కోపు ఇమ్మంటే ఎలాగమ్మా? శుభ్రం చేసిన ఫోటోలో ఏమీ లేదుగా!"

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే బావ ముందుకొచ్చారు.

"అది మరక కాదండీ. కెమెరా తిప్పినా అక్కడే ఉంది, చూడండి. తప్పు నాది. ఒక పక్కకు సాగినట్టు కనిపిస్తే మరకేనని తుడిచేస్తాను. మొదట్నుంచీ నాకదే అలవాటు."

పెద్దాయన రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. నాకు ఇంకో ఏడాది ఇస్తూ సంతకం పెట్టారు. అమ్మయ్య అనుకుని కాగితం కోసం చేయి చాచాను. ఆయన ఇవ్వలేదు. బావ వైపే చూస్తున్నారు.

"నా ఫోటోలు శుభ్రం చేసింది ఎవరయ్యా?"

"అన్నీ నేనేనండీ," అన్నారు బావ. "ఒక్కదాంట్లోనూ మరకన్నది లేకుండా చేసిచ్చాను."