హాంబర్గు కోసం ప్రార్థన

ఆ ఆదివారం థర్కెల్ అయ్యగారు ప్రసంగం ముగించి, జర్మన్ల హాంబర్గు పట్నంలో మన విమానాలు వేసిన బాంబులకు కాలిపోయిన వాళ్ళ కోసం ప్రార్థిద్దామన్నారు. చర్చిలో అందరూ నా వైపు తిరిగారు.

మా నోరా నాకు ఒక్కతే కూతురు. జర్మన్లు మా ఉక్కు కొలుముల ఊరిమీద బాంబులు కురిపించినప్పుడు ట్రాము డిపో పక్కన నేలమాళిగలో చచ్చిపోయింది. కోటు గుండీలు చూసి గుర్తుపట్టాం. అప్పటినుంచి నాలో ఏదో మొద్దుబారిపోయింది. వంట చేస్తాను, బట్టలు ఉతుకుతాను, పలకరిస్తే పలుకుతాను. అంతే.

"మనకు వాళ్ళు చేసినదాన్ని పాపమన్నాం. మనం చేస్తే దాని పేరు మారదు," అన్నారు అయ్యగారు.

నా పక్కనున్న విల్ఫ్, నా మొగుడు, టోపీ తీసుకుని లేచాడు. అతని బూట్ల చప్పుడు తలుపు దాకా వినపడింది. వెనకే సగంమంది వెళ్ళిపోయారు. నేను కదల్లేదు. ఉండాలనీ అనిపించలేదు, లేవాలనీ అనిపించలేదు.

యుద్ధానికి ముందు కొలుములు మూతబడి పనుల్లేని రోజుల్లో మా వీధికి తిండి పెట్టింది ఈ అయ్యగారే. సర్కారు నిరుద్యోగ భృతి ఇచ్చేముందు ఇంట్లో అమ్ముకోదగ్గ సామాను ఏముందో చూడ్డానికి ఒక ఆఫీసరు వచ్చేవాడు. మాకున్న ఒక్క మంచి కుర్చీ మీద అతని కన్ను పడితే, అయ్యగారు వెళ్ళి అందులో కూర్చున్నారు. "అమ్మించాలంటే నాతో కలిపి అమ్మించండి," అన్నారు. జబ్బుచేస్తే డాక్టరు చూడటం దానధర్మం కాదు, హక్కు అని చర్చి హాల్లో వాదించేవారు. యుద్ధం అయిపోయిన ఇన్నేళ్ళకి ఇవాళ విల్ఫ్ దగ్గుకి డాక్టరు డబ్బడగకుండా మందు రాస్తున్నాడంటే, ఆ మాట మేం మొదట విన్నది అక్కడే, బఠానీ సూపు గిన్నెల మధ్య.

మర్నాడు సంఘపెద్ద పికర్స్‌గిల్ మా ఇంటికొచ్చాడు. ఇనుము అరగదీసే ఆకురాళ్ళ కార్ఖానా ఆయనదే. మా గడప తొక్కడం అదే మొదలు.

"అయ్యగారి మీద ఫిర్యాదు చెయ్యడానికి బిషప్పు గారి దగ్గరికి వెళ్తున్నామమ్మా. మీరొచ్చి ఒక్క మాట చెప్తే చాలు. బిడ్డ పోయిన తల్లి మాట."

"చెప్తుంది," అన్నాడు విల్ఫ్.

"ఏం చెప్పాలి?" అన్నాను.

"ఆయన మాటలకి మీ కడుపు ఎంత రగిలిందో."

"రగల్లేదండీ."

పికర్స్‌గిల్ టోపీ చేతులు మార్చుకున్నాడు. "అయితే ఆయనన్నది సబబేనంటారా?"

"అదీ అనట్లేదు. టీ చల్లారిపోతోంది, తాగండి."

ఆయన వెళ్ళాక విల్ఫ్ పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను అయ్యగారి ఇంటికి వెళ్ళాను. ఆయన వంటగదిలో బంగాళాదుంపలు చెక్కుతున్నారు. తొక్కకంటే దుంపే ఎక్కువ పోతోంది.

"నిన్ను బాధపెట్టానా, డోర్కస్ అమ్మా?"

"మీరు హాంబర్గు అన్నప్పుడు సంతోషిద్దామని చూశాను, అయ్యగారూ. రాలేదు. పోనీ ఏడుద్దామని చూశాను. అదీ రాలేదు."

ఏదో బైబిలు వాక్యం చెప్తారనుకున్నాను. ఆయన కత్తి కింద పెట్టారు.

"నాకూ ఏమీ అనిపించలేదమ్మా. అనిపించేదాకా ఆగితే ఆ ప్రార్థన ఎప్పటికీ చెయ్యలేననే చేశాను."

కత్తి నేను తీసుకుని మిగతా దుంపలు చెక్కాను.

నా మాట లేకపోయినా బిషప్పు గారికి వాళ్ళ మాటలు చాలాయి. అయ్యగార్ని గొడవ లేకుండా ఎక్కడో గొర్రెల కొండల్లో చిన్న సంఘానికి పంపేశారు. వెళ్ళేరోజు స్టేషనుకి మేమిద్దరమే వచ్చాం. విల్ఫ్ వస్తాడనుకోలేదు. వచ్చి, పెద్ద పెట్టె భుజానికెత్తుకున్నాడు.

"మీతో నేను మాట్లాడట్లేదు," అన్నాడు అయ్యగారితో.

"తెలుసు, విల్ఫ్. చూసుకో, అందులో పుస్తకాలున్నాయి."

"తెలుస్తూనే ఉంది."

రైలు కదిలింది. అయ్యగారు చెయ్యి ఊపారు. విల్ఫ్ ఊపలేదు, కానీ రైలు చివరి పెట్టె మలుపు తిరిగేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

"ఏమైనా అనిపించిందా నీకు?" అని అడిగాడు.

"లేదు. నీకో?"

"భుజం నొప్పెడుతోంది."

దారిలో చేపల దుకాణం ముందు జనం వరసకట్టి ఉన్నారు. ఏం చేప దొరుకుతోందో అడక్కుండానే వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాం.