ఒక్క గుక్క

రామన్నపేటలో పిల్ల నచ్చింది, మాటలూ కుదిరాయి. తీరా కల్లు కుండ వాకిట్లోకి వచ్చేసరికి యాదలక్ష్మి కుండను చూడలేదు. మొగుడి చేతుల వంక చూసింది. జానయ్య వాటిని మోకాళ్ల సందున దాచుకున్నాడు.

అతను తాగుడు మానిన సంగతి పిల్ల తండ్రి జంగయ్యకు తెలియనిదేమీ కాదు. కానీ ఆ ఇంటి ఆనవాయితీ వేరు. వియ్యంకులిద్దరూ తాటాకు మడిచి చేసిన ఒకే రేకులో కల్లు తాగితేనే సంబంధం ఖాయమైనట్టు. కొడుకు శివకృష్ణేమో మల్లిక తప్ప ఇంకో పిల్ల వద్దని భీష్మించుకున్నాడు. యాదలక్ష్మి పని అడకత్తెరలో పోకచెక్కయింది. తాగితే మొగుడు పాయె, తాగకపోతే సంబంధం పాయె.

"ఒక్క గుక్కనే బావా. పొద్దుగాలనే దించిండ్రు, నీరా లెక్కుంటది," అన్నాడు జంగయ్య రేకు నింపుతూ.

"గది గూడ డాక్టరు వద్దన్నడు మామా," అన్నాడు శివకృష్ణ. "షుగర్ లెక్క ఇది గూడ రోగమే. ఇడిసినా లోపల ఉంటదట."

జానయ్య వాళ్లన్న వెంకన్న నవ్వాడు. "రోగమైతే దవాఖానకు ఉరుకుతరు గని కల్లు కాంపౌండుకు ఉరుకుతరారా? నిజంగ మానినోడు ఒక్క గుక్కకు భయపడడు. తాగి పక్కకు పెడితెనే మానినట్టు."

యాదలక్ష్మికి ఈ రెండు మాటలూ గిట్టలేదు. రోగమంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. రోగమన్నాక ఇక తప్పెవరిది? ఆమె లెక్కలో అది నాలుక రుచి మరగడం, అంతే. ఆ రుచి కోసమే పుస్తెలు అమ్మాడు. ఆ రుచి కోసమే జ్వరంతో ఉన్న పసికొడుకుని బస్టాండులో మరిచిపోయి వచ్చాడు. మానాక కూడా ఆమెకు కుదురు లేదు. అతను గడప తొక్కితే నోరు వాసన చూస్తుంది, స్నానానికి వెళ్లి ఆలస్యం చేస్తే తలుపు బాదుతుంది. మానింది అతను, నిద్ర దూరమైంది ఈమెకు.

రేకు జానయ్య ముందుకొచ్చింది. తలుపు చాటు నుంచి మల్లిక కూడా చూస్తోంది. అతను చేతులు బయటికి తీశాడు.

"పోరని కోసం..." అని గొణుగుతూ చాచాడు.

యాదలక్ష్మి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. రేకు మధ్యలోనే అందుకుంది.

"మాటిచ్చేది ఇల్లు గద తమ్మీ. ఆయనకు బదులు నేను తాగుత."

జన్మలో ముట్టని మనిషి కళ్లు మూసుకుని సగం గటగటా తాగేసింది. జంగయ్య ఆమె చేతిలోంచి రేకు అందుకున్నాడు. మిగతా సగం తాను తాగి, రేకు నేల మీద పెట్టి, "ఖాయమే అక్కా," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది. మొగుడి పక్కన కూలబడి, అతనికి మాత్రమే వినపడేలా అడిగింది.

"థూ, గింత పుల్లగున్నది. గీ రుచి కోసమా నా బతుకు ఆగం జేసినవు?"

"రుచి ఎన్నడు బాగలేదే," అన్నాడు జానయ్య.

అతను ఆమెను చూడటం లేదు. నేల మీది రేకునూ, దాని అంచున ఇంకా ఆరని నురగనూ చూస్తున్నాడు. నుదుటి నిండా చెమట. ఇన్నేళ్లూ అతని నోరు వాసన చూసిందే గానీ, యాదలక్ష్మి ఆ కళ్లను ఎన్నడూ చూడలేదు. చూస్తే భయమేసింది. లేచి రేకును గోడ అవతల పారేసి వచ్చింది. పక్కన కూర్చుని అతని చేయి పట్టుకుంది.