కమాను దగ్గర ఆగిన తివాచీ

నఫీసా భర్త గౌస్ పోయి ఏడు నెలలైంది. వీధి చివరి మసీదుకిస్తానని ఆయన మొదలుపెట్టిన నమాజు తివాచీ సగం నేతతో మగ్గం మీదే ఉండిపోయింది. మిగతా నమూనా కంప్యూటర్లో ఉంది. అది తెరుచుకోవడం లేదు. నమూనా దొరక్కపోతే పడుగు దారాలు కోసి తివాచీ దించెయ్యాలి. ఆ కత్తెర తన చేత్తో పట్టాల్సి వస్తుందన్నదే నఫీసా భయం.

ముప్పై ఏళ్ళనాటి కంప్యూటర్ అది. గౌస్ దాని ముందు కూర్చుని, "ఎరుపు మూడు, తెలుపు ఒకటి" అని పిలిచేవాడు. నఫీసా మగ్గం దగ్గర ముడులు వేసేది. తెర వైపు చూసే పనే ఆమెకు ఉండేది కాదు.

రిపేరు షాపు ఫణికిరణ్ వచ్చి మూత విప్పాడు.

"దీన్ని మ్యూజియంలో పెడితే టిక్కెట్టు కొని చూస్తారండీ."

"పక్కన నన్నూ కూర్చోబెట్టు బాబూ, మగ్గంతో సహా."

"కొత్తది కొంటే పోదాండీ?" అంది కూతురు షిరీన్.

"ఈ తివాచీల ప్రోగ్రాం కొత్తవాటి మీద నడవదండీ. పాత డిస్కు అరిగిపోయింది. మొన్న షాపుకి తీసుకెళ్ళి అందులోదంతా ఈ కార్డులోకి ఎక్కించేశాను."

ఇటుకంత డిస్కు ఉండే చోట చిన్న బోర్డు, దానిలో గోరంత కార్డు పెట్టాడు. స్విచ్ వేశాడు. ఇదివరకు అది బియ్యం మిల్లులా మోగేది. ఆ మోత వినే నఫీసా చేతులు కడుక్కుని మగ్గం దగ్గరికి వచ్చేది.

"వెలిగిందా?" అంది నఫీసా.

"వెలిగిందండీ. ఇంక చప్పుడుండదు."

షిరీన్ నమూనా తెరిచి పైకి జరుపుతూ పోయింది. అంచు, పూలు, రెండు స్తంభాలు. తర్వాత అన్నీ తెల్ల గళ్ళే.

"అమ్మా, స్తంభాల మీద కమాను లేదు."

"ఇంకా పైకి పో."

"పైన ఏమీ లేదమ్మా."

ఫణికిరణ్ గొంతు తగ్గించాడు. "ఫైలు పాడవలేదండీ. ఆయన గీసిందే ఇంతవరకు. నాలుగొందల పన్నెండో వరుస."

మగ్గం ఆగిందీ అక్కడే. అంటే ఏ రోజుది ఆ రోజే గీసేవాడన్నమాట. నఫీసా పీట మీద కూలబడింది. గౌస్ మధ్యలో పిలవడం ఆపి, "నీలమా, పచ్చా?" అని అడిగేవాడు. కళ్ళ ముందు నమూనా పెట్టుకుని తనను ఆటపట్టిస్తున్నాడనుకుని, నోటికొచ్చిన రంగు చెప్పేది. ఆ రంగులే ముడులయ్యాయి.

తర్వాత నఫీసా లేచి చేతులు కడుక్కొచ్చింది. తెరకు వీపు పెట్టి మగ్గం ముందు కూర్చుని, నెయ్యని పడుగు మీద అరచెయ్యి ఆనించింది.

"షిరీన్, నాలుగొందల పదమూడు."

"చెప్పమ్మా, గళ్ళు నింపుతాను."

"నీలం రెండు." తర్వాతి దారం మీదికి వేలు జరిపింది. "పచ్చ ఒకటి."

ఫణికిరణ్ మూత బిగించబోయి, చప్పుడు అడ్డమవుతుందని స్క్రూడ్రైవర్ ఒళ్ళో పెట్టుకున్నాడు.